మూత కింద మేకు

ఆ పొద్దున ఆకాశం సుద్ద పూసినట్టు తెల్లగా ఉంది. ముసురు ఇంకా వదల్లేదు. సముద్రం వైపు నుంచి చల్లగాలి కొడుతోంది. బట్టీ వాకిలికి పేర్చిన ఇటుకలు ఒక్కొక్కటే తీస్తున్న మేస్త్రీ పైకి చూసి, "ఈ గాలికి తీస్తే సగం పోతాయిరా" అన్నాడు. ఆగుదామన్నవాళ్ళు లేరు. లారీ వచ్చి నిలబడి ఉంది. తీశారు.

నేను ఒక పింగాణీ గిన్నెను. నేను చూసిన మొదటి వెలుతురు ఆ తెల్లటి ఆకాశానిది. విన్న మొదటి చప్పుడు నా పక్కనున్న గిన్నె పగిలిన చప్పుడు. అదేమంత పెద్దగా వినిపించలేదు. సన్నగా, గోటితో మీటినట్టు. తర్వాత దాని వెనకది. ఒంట్లో నిప్పు ఇంకా చల్లారలేదు, పైన చలిగాలి. రెండూ ఒక్కసారి మీద పడితే మా జాతి తట్టుకోలేదు. నా వంతు ఎప్పుడా అని చూస్తూ ఉన్నాను. రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. అప్పటినుంచీ భయం నాకొక అలవాటు.

నాది గూడూరు వైపు మట్టి. తెల్లమట్టి, పలుగురాతి పిండి, నీళ్ళు. మీద మీగడ రంగు పూత. లోపలా బయటా నున్నగా పూశారు గానీ, అడుగున నేలకు ఆనే కుదురు మాత్రం వదిలేశారు. అక్కడ పూస్తే బట్టీలో కింద అతుక్కుపోతాం. ఆ గరుకు భాగం నీళ్ళు తాగుతుంది. ఆ సంగతి నా ప్రాణం మీదికి వచ్చింది ఒకసారి. చెబుతాను.

మొదట పొదిలిలో ఒక మెస్సులో పడ్డాను. నాలో గోంగూర పచ్చడి పోసి బల్ల మీద పెట్టేవాళ్ళు. మెస్సాయన గల్లాపెట్టె వైపు తిరగ్గానే చేతులన్నీ నా మీదికి వచ్చేవి. ఆయన ఎదురుగా వేసుకున్నా ఏమీ అనడు. అడిగితే ఇంకో గంటె తనే వేస్తాడు. అయినా ఆయన అటు తిరిగాకే వేసుకునేవాళ్ళు. మనుషులకు అట్లా తింటేనే ఒంటబడుతుందేమో.

నా మూత అక్కడే పగిలింది. ఇప్పుడు నా మీద ఉన్నది ఒక జాడీ మూత. నాకంటే కొంచెం వెడల్పు. సరిగా కూర్చోదు, ఒక పక్క సందు ఉంటుంది. ఆ సందు చూసి నన్ను జాలిగా చూసినవాళ్ళే గానీ మెచ్చుకున్నవాళ్ళు లేరు, ఒంగోలు వచ్చేదాకా.

ఆ మెస్సులో పచ్చళ్ళు రుబ్బింది మాలకొండమ్మ. తక్కువ మాట, ఎక్కువ పని. మెస్సాయనకు మోకాళ్ళు పట్టేసి మూసేసినప్పుడు, పనివాళ్ళను పిలిచి నచ్చినవి తీసుకుపొమ్మన్నాడు. ఒకరు ఇత్తడి బిందె ఎత్తుకున్నారు, ఒకరు బెంచీ. మాలకొండమ్మ నన్ను తీసుకుంది.

"అంత కష్టం చేసి ఈ గిన్నేనా, పిచ్చిదానా" అన్నారు తోటివాళ్ళు.

"దీంట్లో పచ్చడి నల్లబడదు" అంది. అంతే.

ఆమె చేతుల్లో చాలా ఏళ్ళు నిబ్బరంగా ఉన్నాను. ఉప్పు, కారం, చింతపండు. ఏం వేసినా తట్టుకున్నాను. తర్వాత ఆమె చిన్నకొడుకు గురవయ్యకు ఒంగోలులో బస్సు డ్రైవరు పని దొరికింది. పెళ్ళయింది. కోడలు ప్రశాంతి రక్తపరీక్షల ల్యాబులో చేస్తుంది. పాప పుట్టాక, పాపను చూసుకోవడానికి మాలకొండమ్మను రమ్మన్నారు. ఆమె బట్టల సంచీతో, పాత చీరలో చుట్టిన నాతో వచ్చింది. మేడ మీద రెండు గదుల అద్దె ఇల్లు. వంటింటి గట్టు మీద ఒక నల్లమూతి పెట్టె.

దాన్ని వాళ్ళు ఓవెన్ అంటారు. మాలకొండమ్మ పెట్టె అంటుంది. నేనూ అంతే. దానికి నిప్పు లేదు, పొగ లేదు. మీట నొక్కితే లోపల దీపం వెలుగుతుంది, అద్దం పళ్ళెం తిరుగుతుంది, గుయ్యిమని మూలుగుతుంది. కూర కాగుతుందట, గిన్నె కాగదట. బట్టీలో పుట్టినదాన్ని, ఆ మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. వేడి చేసేదేదో కంటికి కనపడాలి. కనపడనిదాన్ని ఎటు తప్పించుకుంటాం?

ఆ రోజుల్లో పాప పొద్దుగూకే వేళకు గుక్కపట్టి ఏడ్చేది. డాక్టరు చూశాడు, ఏమీ లేదన్నాడు. ఒక సాయంత్రం ప్రశాంతి పాపను భుజాన వేసుకుని తిరిగి తిరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"అత్తా, మీ వైపు ఉయ్యాల్లో ఇనుము పెడతారంటగా. పెట్టి చూడు."

"నీకు అట్టాంటియ్యి గిట్టవనుకున్నానే."

"గిట్టవు. పెట్టు. ఆయనకు చెప్పబాక, నవ్వుతాడు."

మాలకొండమ్మ ఎక్కడినుంచో ఒక పాత మేకు తెచ్చింది. తల కొంచెం ఒంగిపోయింది. దానికి పసుపు దారం చుట్టి ఉయ్యాల గుడ్డ కింద పెట్టింది. మేకు వల్లో, కడుపునొప్పి తగ్గినందువల్లో ఏడుపు తగ్గింది. మేకు ఉండిపోయింది.

తర్వాత రాగిజావ గొడవ జరిగింది. పాపకు జావ పెట్టే వయసొచ్చింది. ఒకరోజు మాలకొండమ్మ చల్లారిన జావను ఐస్‌క్రీం డబ్బాలో పోసి పెట్టెలో పెట్టింది. ఆ ఇంట్లో అట్లాంటి డబ్బాలు అల్మరా నిండా ఉన్నాయి. ఏ డబ్బానూ పారెయ్యరు. పప్పు ఒకదాంట్లో, బెల్లం ఒకదాంట్లో, బొత్తాలు ఒకదాంట్లో. డబ్బా కదా అని పెట్టింది. బయటికి తీసేసరికి దాని నడుము లోపలికి పోయింది. అడుగు మెత్తబడి పళ్ళేనికి అంటుకుంది. ఘాటు వాసన. ఆమె జావ వేరే గిన్నెలోకి వంచి, స్పూను పాప నోటి దాకా తీసుకుపోయింది. అప్పుడే గురవయ్య డ్యూటీ దిగి లోపలికొచ్చాడు.

స్పూను అందుకుని పక్కన పెట్టాడు. డబ్బా తిప్పి చూశాడు.

"ఇదేందమ్మా?"

"కడిగిందే నాయనా."

"కడగడం కాదమ్మా. ఇది కరిగి పిల్ల కడుపులోకి పోతే?"

అతను గట్టిగా అరిచి ఉంటే బాగుండేది. అరిచేవాళ్ళు మర్నాటికి మర్చిపోతారు. అతను మెల్లగా అన్నాడు.

"ఇంకొక్కసారి ఇట్టాంటిది జరిగిందంటే అన్న దగ్గర దింపి వస్తా. పాపను కింద వీధిలో పిల్లల్ని చూసుకునేవాళ్ళు చూసుకుంటారు."

పెద్దకొడుకు దగ్గర ఆమెకు తిండికి లోటు లేదు. పాపే ఉండదు. ఆ సాయంత్రం మాలకొండమ్మ నన్ను కడిగిందే మళ్ళీ కడిగింది. ఆమె పోతే నేనూ పాత చీరలో చుట్టుకుపోవలసిందే. అయినా నా బెంగ నా గురించి కాదు, ఆమె గురించి.

మర్నాడు సెలవు. ప్రశాంతి వంటింట్లో సామానంతా గట్టు మీదికి దించింది.

"అత్తా, నిన్నేం తప్పు పట్టట్లా. ఆ డబ్బా చల్లటిదాని కోసం చేసింది. వేడికి ఓర్చుకోలేదు. కొన్ని ప్లాస్టిక్ గిన్నెల అడుగున ఓవెన్‌కి పనికొస్తుందని గుర్తు వేసుంటది. గుర్తున్నా సరే, పాపవి మాత్రం ప్లాస్టిక్‌లో వద్దు."

"స్టీలు టిఫినీ డబ్బా పెట్టుకుంటా."

"అసలే వద్దు. స్టీలు, ఇత్తడి, వెండి, ఏదీ పనికిరాదు. నిప్పురవ్వలొస్తయ్. బిర్యానీ మీద చుట్టి ఇస్తారే, ఆ వెండి కాగితం కూడా."

"పెళ్ళికి ఇచ్చిన కప్పులు?"

"ఆ అంచున గీత చూడు, బంగారు రంగు. అదీ లోహమే. చిటపటలాడుద్ది."

"అయితే కానుకలన్నీ చూసుకోడానికే. ఇంక అరచేతిలో పోసుకుని కాచుకోవాల."

ప్రశాంతి నవ్వింది. ఆ నవ్వుతోనే నన్ను ఎత్తి బోర్లించింది. అడుగున ఏ గుర్తూ లేదు. నన్ను చేసినవాళ్ళు ఈ పెట్టెను కలలో కూడా చూసి ఉండరు. నా పూతలో ఏం కలిపారో నాకే తెలియదు. లోపల ఏ లోహం పొడి ఉందో, ఉంటే ఏమవుతుందో. ఇన్నేళ్ళు పచ్చడి పోసుకుని గర్వంగా బతికినదాన్ని, నా ఒళ్ళు నాకే అనుమానంగా తోచింది.

"పెట్టి చూద్దాం" అంది ప్రశాంతి. నన్ను ఖాళీగా పెట్టి, పక్కన గాజుగ్లాసులో నీళ్ళు పెట్టింది. నీళ్ళు కాగి గిన్నె చల్లగా ఉంటే మంచిది. గిన్నె కాగితే పనికిరాదు. అదీ పరీక్ష. మీట నొక్కింది.

దీపం వెలిగింది. తిరిగాను. నిప్పు ఎటునుంచీ రాలేదు. కానీ అడుగున, ఆ గరుకు కుదురు దగ్గర, ఏదో కదిలింది. పొద్దున కడిగినప్పుడు తాగిన నీళ్ళు. అవి కాగడం మొదలయ్యాయి. వద్దు వద్దనుకున్నాను. అనుకుంటే ఆగుతుందా.

ప్రశాంతి నా అడుగు పట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. "కాలుతోంది. ఇది పక్కన పెట్టేద్దాం అత్తా."

మాలకొండమ్మ సరేనన్నట్టు తల ఊపింది. నన్ను అందుకుని కొంగుతో తుడవసాగింది. ఆ తుడవడం చూసిందేమో, ప్రశాంతి మళ్ళీ నా అడుగు తడిమింది.

"ఉండు. తడి ఉన్నట్టుంది. ఎండబెట్టి రేపు చూద్దాం."

మర్నాడంతా మేడ గోడ మీద ఎండలో ఉన్నాను. కాకి వచ్చి అంచున కూర్చుంది. కాకి ఎగిరేటప్పుడు తోస్తే కింద సిమెంటు. పరీక్షకు ముందే పోతానేమోనని సాయంత్రం దాకా అదే దిగులు. చీకటి పడకముందే నన్ను మళ్ళీ పెట్టెలో పెట్టారు. ఈసారి నీళ్ళు పొగలు కక్కాయి, నేను చల్లగా ఉన్నాను. మాలకొండమ్మ పిల్లకు జ్వరం చూసినట్టు మునివేళ్ళు తిప్పి నన్ను తాకింది.

"ఇదీ, అల్మరాలోని ఆ దళసరి గాజుగిన్నే" అంది ప్రశాంతి. "ఈ రెండే వాడు. దీన్ని వాడే ముందు బాగా ఆరనియ్యి. ఫ్రిజ్‌లోంచి తీసిందాన్ని వెంటనే పెట్టబాక, పగులుద్ది. మూత గట్టిగా బిగిస్తే ఆవిరి పోయే దారుండదు. ఈ సందున్న మూత మంచిదే."

నా మూతను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు.

అప్పటినుంచి మాలకొండమ్మ పెట్టె దగ్గరికి గుళ్ళోకి పోయినట్టు పోయేది. చేతులు తుడుచుకునేది. నన్ను వేలితో లోపలంతా తడిమి, స్పూను ఏదైనా ఉండిపోయిందేమో చూసేది. మీట నొక్కి పాపను ఎత్తుకుని గది అవతలికి పోయేది. మధ్యలో తీసి కలిపేది, ఒక చోట సలసల, ఒక చోట చల్లగా ఉంటుందని ప్రశాంతి చెప్పింది. పాపకు పెట్టేముందు ముంజేతి మీద చుక్క వేసుకునేది. పాలసీసా మాత్రం పెట్టెలో పెట్టేది కాదు, వేడినీళ్ళ గిన్నెలో ముంచేది. ఏ తప్పూ చెయ్యలేదు. తప్పు చేస్తానేమోనన్న భయం మాత్రం ఒక్కరోజూ వదల్లేదు. ఆమె భయం నాకు అర్థమయ్యేది. పక్కవాళ్ళు పగిలాక మిగిలినవాళ్ళకు ఉండే భయం అది.

ఒక ఆదివారం ఆమె తమ్ముడి ఇంట్లో పోలేరమ్మ మొక్కు. ఊరికి ఆ చివర వాళ్ళ ఇల్లు. ప్రశాంతికి డ్యూటీ, గురవయ్యకు డ్యూటీ. మాలకొండమ్మ పాపను ఎత్తుకుని, నాలో పచ్చడి పోసుకుని ఆటోలో పోయింది. పాపను బయటికి తీసుకుపోతున్నందుకు ఉయ్యాల్లో మేకు తీసి సంచీలో వేసుకుంది. తీసుకుపోయిన గిన్నెను ఎవరూ ఖాళీగా పంపరు. తిరిగొచ్చేటప్పుడు మరదలు నాలో మాంసం కూర పోసింది.

"వదినా, మూడుదార్ల మీదుగా పోతావు. పొద్దు వాలింది, చంకలో పసిపిల్ల. ఇనుము వెయ్యాల. మేకు ఒక్కటి కనపడదే ఈ ఇంట్లో" అని, పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసి కడిగి వేసింది.

మాంసం మోసుకుపోతుంటే వెంట ఏదో వస్తుందని వాళ్ళ నమ్మకం. ఇనుము ఉంటే రాదు. మాలకొండమ్మ సంచీలో చెయ్యి పెట్టింది. పాప మేకు. కుళాయి కింద కడిగింది. నాలో వేసింది. ఇది ఆమె ఆలోచించి చేసిన పని కాదు. మన ఇళ్ళలో చీకటిపడితే దీపం పెట్టినట్టు, అంతే.

కూర మీద నూనె పేరుకుంటోంది. మేకు ఒంగిన తల కిందికి పోయింది. మొన మాత్రం నా గోడకు ఆనుకుని బయటికి ఉంది. ఆటోలో కుదిపినప్పుడల్లా అది నా ఒంటికి గీరుకునేది. అప్పుడు నాకు ప్రశాంతి మాటలు గుర్తొచ్చాయి. స్టీలు, ఇత్తడి, వెండి, ఏదీ పనికిరాదు.

ఇంటికి చేరేసరికి పాప తడిపేసుకుని ఏడుస్తోంది. మాలకొండమ్మ నన్ను గట్టు మీద పెట్టి, పాపకు నీళ్ళు పోయడానికి స్నానాల గదిలోకి పోయింది. పాపను శుభ్రం చేశాక మేకు తీస్తుందిలే అనుకున్నాను. ఆమె అట్లానే అనుకుని ఉంటుంది.

తలుపు చప్పుడైంది. ప్రశాంతి వచ్చింది. సంచీ పడేసి నా మూత ఎత్తింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదేమో, కూర వాసనకు కళ్ళు మూసుకుంది. పైన అంతా గడ్డకట్టిన కొవ్వు. మేకు మొన చిన్న ఎముకలా కనపడి ఉంటుంది.

"అత్తా, కూర వేడి చేస్తన్నా" అని కేకేసింది. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు. జవాబు లేదు.

మూత కొంచెం పక్కకు జరిపింది, ఆవిరి పోయేట్టు. అన్నీ సరిగ్గా చేసింది. నన్ను లోపల పెట్టి తలుపు వేసింది. నేను ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు మాట రాదే అని బాధపడ్డాను. అప్పుడు పడ్డంత ఎప్పుడూ పడలేదు.

దీపం వెలిగింది. మొదట ఏమీ లేదు. కొవ్వు కరిగింది. మేకు ఇంకొంచెం బయటపడింది. దాని మొనకూ నా గోడకూ మధ్య నీలంగా ఒక మెరుపు. చిట్‌మని. మళ్ళీ. తర్వాత వరసగా, ఎండుకట్టె పగిలినట్టు. మాడిన వాసన.

ప్రశాంతి మీట ఆపింది. ఆపి కాసేపు తలుపు తెరవలేదు. మాలకొండమ్మ తడిచేతులతో, తువ్వాల్లో చుట్టిన పాపతో గుమ్మంలోకి వచ్చింది. నన్ను చూసింది. పెట్టెలో ఉన్న నన్ను.

"మేకు" అంది. "అమ్మా, మేకు వేశాను."

ప్రశాంతి నన్ను గుడ్డతో పట్టుకుని దించింది. గరిటెతో కెలికి మేకు తీసింది. ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయింది. అంతలో మేకుకు చుట్టిన దారం కనపడింది. ఒక కొస నల్లగా మాడింది, మిగతాది ఇంకా పసుపుపచ్చ. ఒంగిన తల. దాన్ని అరచేతిలో పెట్టుకుని అట్లాగే నిలబడింది.

కింద వీధిలో గురవయ్య ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు వినపడింది.

"వాడొస్తన్నాడు" అంది మాలకొండమ్మ. "నేనే చెప్తాలే తల్లీ. సంచీ సర్దుకుంటా."

ప్రశాంతి ఆమె వైపు చూడలేదు. మేకును కుళాయి కింద కడిగింది. పమిటతో తుడిచి, ముందుగదిలోకి పోయి ఉయ్యాల గుడ్డ కింద పెట్టి వచ్చింది. కిటికీ రెక్కలు రెండూ తెరిచింది. మాడినచోట కూర తీసి పారేసి, మిగిలింది స్టీలు గిన్నెలోకి వంచి పొయ్యి మీద పెట్టింది. అప్పుడు నన్ను కడిగి, అంచు మీద గోటితో కొట్టింది. ఖంగుమన్నాను. పగల్లేదు. లోపల గోడ మీద మిరియమంత నల్లమచ్చ మిగిలింది. రెండుసార్లు రుద్దింది, పోలేదు. వదిలేసింది.

"ఏందీ మాడిన వాసన?" అన్నాడు గురవయ్య గుమ్మంలోంచి.

మాలకొండమ్మ నోరు తెరిచింది.

"కాళ్ళు కడుక్కుని రా" అంది ప్రశాంతి. "మీ మామ ఇంటినుంచి కూరొచ్చింది."

కాగిన కూర మళ్ళీ నాలో పోసి మధ్యలో పెట్టారు. నేల మీద ముగ్గురూ కూర్చున్నారు. పాప మాలకొండమ్మ ఒడిలో. ప్రశాంతి ముందు అత్తకు వడ్డించింది, తర్వాత మొగుడికి, తర్వాత తను వేసుకుంది. మాలకొండమ్మ ముద్ద కలిపింది గానీ ఎత్తలేదు. ప్రశాంతి ఇంకో ముక్క ఆమె పళ్ళెంలో వేసింది. అప్పుడు ఎత్తింది.

గురవయ్య ఆకలి మీద ఉన్నాడు. నాలుగు ముద్దలు తిన్నాక దవడ ఆగింది. నోట్లోంచి వేళ్ళతో ఏదో తీశాడు. బొగ్గుముక్క.

అతనూ ఆ నమ్మకాల మధ్య పెరిగినవాడే. మాంసంలో బొగ్గు ఉంటే పక్కన ఏ ఇనుము ఉంటుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. బొగ్గు వైపు చూశాడు. తలుపు తెరిచి ఉన్న పెట్టె వైపు చూశాడు. నా లోపలి నల్లమచ్చ వైపు చూశాడు. తర్వాత తల్లి వైపు, పెళ్ళాం వైపు. ఇద్దరూ తలవంచుకుని తింటున్నారు, ఒకేలాగా, ఒకరికొకరు చెప్పుకున్నట్టు.

అతను బొగ్గుముక్కను పళ్ళెం అంచున పెట్టాడు. నన్ను తన వైపు జరుపుకుని ఇంకో గంటె కూర వేసుకున్నాడు. పాప చెయ్యి చాపి నా అంచు పట్టుకుంది. నేను వెచ్చగా ఉన్నాను. ఎవరూ ఆ చెయ్యి తీసెయ్యలేదు.